రోమ్‌లో మోసపోయిన గది, అమ్మ వెతుక్కున్న అద్దె ఇల్లు

ముందు గది సంగతి చెప్పేస్తాను, అది చెబితే గానీ మిగతాది రాయబుద్ధి కాదు.

రోమ్‌లో టెర్మినీ రైల్వే స్టేషన్‌కి ఏడు నిమిషాల నడక, రెండు గదులు, చిన్న వంటిల్లు, లిఫ్ట్ ఉంది అని చూసి నాలుగు రాత్రులకు 528 యూరోలు కట్టి బుక్ చేశాను. రద్దు చేసుకుంటే ఏమీ వెనక్కి రాదు. అమ్మకి మోకాళ్ళ నొప్పులు కాబట్టి డబ్బు కట్టేముందే మెసేజ్ పెట్టి లిఫ్ట్ సంగతి విడిగా అడిగాను, ఉందనే జవాబొచ్చింది. నేను, నా భార్య, ఎనిమిదేళ్ళ మావాడు, గుంటూరు నుంచి మూడు నెలల కోసం జర్మనీకి మా దగ్గరికి వచ్చిన అమ్మ. నలుగురం అక్టోబరులో ఒక సాయంత్రం నాలుగు పెట్టెలతో ఆ ఇంటి ముందు దిగాం. లిఫ్ట్ ఉంది. దాని తలుపుకి ఒక కాగితం అంటించి ఉంది, పాడైందని. ఆ కాగితం అంచులు పసుపుపచ్చగా మారి, మూలల్లో టేపు ఎండిపోయి ఉంది. అంటే నిన్నా మొన్నా అంటించింది కాదు. ఫోన్ చేస్తే ఓనర్ అన్నమాట, "లిఫ్ట్ బిల్డింగ్ వాళ్ళది, నాది కాదు." నాలుగో అంతస్తు. మావాడు లెక్కపెట్టాడు, 92 మెట్లు. అమ్మ ప్రతి మలుపు దగ్గరా ఆగి, గోడ పట్టుకుని, "పర్లేదురా, మెల్లగా వస్తాను, నువ్వు పెట్టెలు చూసుకో" అంటుంటే నాకు కోపం కంటే ఏడుపు ఎక్కువ వచ్చింది.

పైకెళ్ళాక ఇంకో గొడవ. సిటీ టాక్స్ తలకి రాత్రికి 6 యూరోలు, నాలుగు రాత్రులకి నలుగురికి 96, నగదే ఇవ్వాలన్నాడు. పదేళ్ళు నిండని పిల్లలకు రోమ్‌లో ఆ పన్ను లేదు. నాకప్పుడు తెలియదు, ఇచ్చేశాను. క్లీనింగ్ అని ఇంకో 40, అది బుకింగ్ పేజీలో ఎక్కడా లేదు. రసీదు అడిగితే రేపు పంపిస్తానన్నాడు. ఆ రాత్రి నా భార్య ఫోన్‌లో నిబంధనలు వెతికి పట్టుకుంది. పొద్దున్నే రసీదు కావాలని, లేకపోతే మున్సిపాలిటీకి రాస్తామని మెసేజ్ పెడితే మావాడి 24 యూరోలు తిరిగిచ్చాడు. 40 మాత్రం ఇవ్వలేదు. రోమ్ వెళ్ళేవాళ్ళకి నేను చెప్పేది ఒకటే, లిఫ్ట్ ఉందా అని అడగొద్దు, ఈ రోజు పనిచేస్తోందా అని అడగండి, ఆ జవాబు రాతలో ఉంచుకోండి. పన్ను కట్టిన ప్రతిసారీ రసీదు చేతిలో పడేదాకా అక్కడినుంచి కదలొద్దు.

మర్నాడు కలోసియం, ఫోరమ్ చూశాం, అందరూ రాసేదే కాబట్టి నేను రాయను. అమ్మ కలోసియంలో పావుగంట కూర్చుని "మనుషుల్ని చంపడం చూడ్డానికి ఇంత పెద్ద కట్టడమా" అని లేచిపోయింది. ఆమెకి చూడాలని ఉన్నది వేరే. బయల్దేరకముందే అడిగింది, "పౌలు ఉన్న అద్దె ఇల్లు చూపిస్తావా?" అని. బైబిల్లో అపొస్తలుల కార్యములు చివర్లో, క్రైస్తవ బోధకుడు పౌలు రోమ్‌లో రెండేళ్ళపాటు తన అద్దె ఇంట కాపురమున్నాడని ఉంటుంది. చిన్నప్పటినుంచి ఆదివారం ఆదివారం వింటూ వచ్చిన మాట అది. ఆ ఇల్లు ఇదీ అని నమ్మకంగా చూపించగలిగింది ఏదీ లేదని చెబితే చిన్నబుచ్చుకుంది. "పోనీ అలాంటి ఇల్లైనా చూపించు" అంది. మా ట్రిప్ మొత్తం ఆ మాట మీదే నడిచింది.

అలాంటి ఇల్లు రోమ్ నడిబొడ్డునే ఒకటుంది. కాపిటోలిన్ కొండ కింద, ఆ పెద్ద తెల్లటి విక్టర్ ఇమ్మాన్యుయేల్ స్మారకం పక్కన, రోడ్డు స్థాయి కంటే కిందికి దిగిపోయిన పాత ఇటుక గోడలు కనిపిస్తాయి. టికెట్ అక్కర్లేదు, రోడ్డు మీద నిలబడి చూడొచ్చు. అది ఇన్సులా, అంటే అద్దె వాటాల బిల్డింగ్. కింద దుకాణాలు, పైన అంతస్తుల మీద అంతస్తులు. పైకెళ్ళేకొద్దీ గదులు చిన్నవి, పైకెళ్ళేకొద్దీ పేదవాళ్ళు. నీళ్ళ గొట్టం పైదాకా రాదు, వీధి కుళాయి నుంచి మోసుకుపోవాలి. ఓనర్లు డబ్బుకోసం ఎత్తు పెంచుకుంటూ పోతే ఇళ్ళు కూలేవి, అంటుకునేవి. అగస్టస్ చక్రవర్తి 70 అడుగులు దాటకూడదని నిబంధన పెట్టాడు, తర్వాత ట్రాజన్ దాన్ని 60కి తగ్గించాడు. మార్షల్ అనే కవి తాను మూడు వరసల మెట్లు ఎక్కాలని, అవీ ఎత్తైనవని రాసుకున్నాడు. ఆ సాయంత్రం మళ్ళీ 92 మెట్లు ఎక్కుతుంటే ఆ కవి నాకు బాగా దగ్గరివాడిలా అనిపించాడు. రెండో రోజు రాత్రే మిగతా రెండు రాత్రుల 264 యూరోలు వదిలేసుకుని వేరే చోటికి మారిపోవాలని నిర్ణయించుకున్నాం. నా భార్యే పట్టుబట్టింది. డబ్బు పోతే పోయింది, అత్తయ్య మోకాళ్ళు మళ్ళీ రావు అంది.

మారింది సిస్టర్లు నడిపే గెస్ట్‌హౌస్‌కి. రోమ్‌లో ఇలాంటివి చాలా ఉన్నాయి, మనవాళ్ళు ఎందుకో వాటి వైపే చూడరు. రెండు గదులకి రాత్రికి 115 యూరోలు, ఉదయం బ్రెడ్డు, జామ్, కాఫీ అందులోనే. పనిచేసే లిఫ్ట్. గదిలో ఒక మంచం, ఒక బల్ల, ఒక కుర్చీ, గోడకి శిలువ, అంతే. కానీ దుప్పట్లు ఇస్త్రీ చేసి ఉన్నాయి, బాత్రూమ్‌లో మరకన్నది లేదు. రాత్రి 11కి గేటు మూసేస్తారు, అది తెలుసుకుని వెళ్ళండి. పెద్ద సిస్టర్ అమ్మ నడక చూసి, ఏమీ అడక్కుండానే మాకు ఇచ్చిన గదిని మార్చి లిఫ్ట్ పక్క గది ఇచ్చింది. ఇద్దరికీ ఒక్క భాష కలవదు. అమ్మ తెలుగులో దండం పెట్టింది, ఆవిడ ఇటాలియన్‌లో ఏదో చెప్పి అమ్మ చెయ్యి నిమిరింది. టాక్స్‌కి మావాడిని వదిలేసి లెక్కకట్టి, అడక్కముందే రసీదు ఇచ్చారు.

మూడో రోజు సెయింట్ కాలిస్టో కాటకూంబ్‌లు, అంటే నేల కింద సమాధుల సొరంగాలు. ఇక్కడ బస్సు గురించి చెప్పాలి. 118 నంబరు కోసం 50 నిమిషాలు నిలబడ్డాం, వచ్చిన మొదటి బస్సు నిండిపోయి ఆగకుండా పోయింది. పెద్దవాళ్ళు ఉంటే టాక్సీ తీసుకోండి. బస్సు దిగాక అప్పియన్ రోడ్డు మీద నడుద్దాం అనుకుంటే అది ఇంకా ప్రమాదం, రెండు వైపులా గోడలు, ఫుట్‌పాత్ లేదు, కార్లు ఒళ్ళు రాసుకుంటూ పోతాయి. క్వో వాదిస్ చర్చి దగ్గర నుంచి కాటకూంబ్‌ల ఆవరణలోంచి కార్లు రాని దారి ఒకటుంది, సైప్రస్ చెట్ల మధ్య, అందులోంచి వెళ్ళండి. బుధవారం ఈ కాటకూంబ్ సెలవు. పెద్దలకి 10, మావాడికి 7 యూరోలు కట్టాం, గైడ్ ఖర్చు అందులోనే, సొంతంగా తిరగనివ్వరు, ఫోటోలు తీయనివ్వరు.

ఈ అప్పియన్ రోడ్డు క్రీస్తుపూర్వం 312లో అప్పియస్ క్లాడియస్ అనే రోమన్ అధికారి మొదలుపెట్టించింది, పౌలు పుతియొలీలో ఓడ దిగి రోమ్‌కి నడిచొచ్చిన దారి ఇదే అని చెప్పగానే అమ్మ నిలబడిపోయింది. "అప్పీయా సంతపేట, త్రిసత్రములు... ఆ అప్పీయాయేనా ఇది?" అంది. అవునన్నాను. రోమ్‌లోని విశ్వాసులు కబురు విని పౌలుకి ఎదురెళ్ళిన ఊళ్ళు ఈ రోడ్డు మీదే ఉండేవి. త్రిసత్రములంటే మూడు సత్రాలు, ప్రయాణికులు బస చేసే చోటు. అరవై ఏళ్ళుగా అమ్మ నోట్లో నానిన ఆ పేర్లు నిజంగా ఒక రోడ్డు మీద ఉన్న చోట్లని ఆమెకి అప్పుడే తెలిసింది. చెప్పు విప్పి ఒక రాయి మీద కాలు పెట్టింది.

కాటకూంబ్‌లలో క్రైస్తవులు దాక్కుని బతికేవాళ్ళని మనం చర్చిలో చాలాసార్లు విన్నాం. గైడ్ మొదటి మాటే అది కాదని చెప్పింది. ఊరి లోపల పూడ్చడం రోమన్ చట్టం ప్రకారం నిషేధం, అందుకే అందరి సమాధులూ ఊరి బయట రోడ్ల వెంబడి ఉండేవి. ఇక్కడి నేల టఫ్ అనే మెత్తటి అగ్నిపర్వత రాయి, తవ్వడం తేలిక, గాలి తగిలితే గట్టిపడుతుంది. కాబట్టి స్థలం చాలక కిందికి, ఇంకా కిందికి తవ్వుకుంటూ పోయారు. ఇదొక్కటే దాదాపు 20 కిలోమీటర్ల సొరంగాలు. తవ్వడానికే ఫోసోరెస్ అని ఒక పనివాళ్ళ వర్గం ఉండేది. దీన్ని చూసుకోవడానికి దాదాపు క్రీస్తుశకం 199లో నియమించిన కాలిస్టస్ అంతకుముందు బానిస, యజమాని డబ్బుతో బ్యాంకు నడిపి జనం దాచుకున్న సొమ్ము పోగొట్టాడని అతనికి గిట్టనివాడు ఒకడు రాసి పెట్టాడు. అదే మనిషి తర్వాత పోప్ అయ్యాడు. సమాధుల మీద తరచూ కనిపించే మాట 'డెపోజిటస్', మనం బ్యాంకులో వేసే డిపాజిట్ మాటకి మూలం అదే. ఇక్కడ ఉంచాం, మళ్ళీ తీసుకుంటాం అని. అమ్మ ఆ మాట రెండుసార్లు పలికి చూసుకుంది.

లోపల గోడలకి రైలు బెర్తుల్లాగా ఒకదాని మీద ఒకటి అరలు. అంతా ఖాళీ. నేను నడుస్తూ నడుస్తూ ఒక అర దగ్గర ఆగాను, నా మూర కంటే కాస్త పొడుగు, అంతే. దాని పక్కన అలాంటిదే ఇంకొకటి, కింద ఇంకోటి. పసిపిల్లలవి. రాయి మీద ఉలి దెబ్బలు దగ్గరదగ్గరగా, జాగ్రత్తగా, పెద్దవాళ్ళ అరలకంటే నున్నగా చెక్కి ఉన్నాయి. మావాడు నా చెయ్యి పట్టుకున్నాడు, ఏమీ అడగలేదు. ఆ సొరంగంలో అలాంటి చిన్న అరలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టడం మానేశాను. ప్రాచీన రోమ్ అంటే మనం సేనలు, చక్రవర్తులు అనుకుంటాం గానీ, పిల్లలు అంతమంది పోయే ఊరు అది అని నాకు ఎక్కడా అంత గట్టిగా తగల్లేదు.

చనిపోయినవాళ్ళ రోజున కుటుంబాలు సమాధుల దగ్గరికి వచ్చి కలిసి భోజనం చేసేవాళ్ళని గైడ్ చెబితే అమ్మ వెంటనే "మన సమాధుల పండుగే!" అంది. నవంబరులో సమాధులు కడిగి, సున్నం వేసి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగించి రాత్రిదాకా అక్కడే కూర్చునే ఆ పండుగని నేను గైడ్‌కి ఇంగ్లీషులో చెబితే ఆవిడ ఆసక్తిగా విని, ఏ ఊరు మీది అని అడిగింది. అమ్మ ముందే "గుంటూరు" అంది.

నాలుగో రోజు ఓస్టియా ఆంటికా. నన్నడిగితే రోమ్‌లో రెండు రోజులే ఉన్నా ఒక పూట దీనికివ్వాలి. మెట్రో బి లైన్‌లో పిరమిదే దగ్గర దిగి, పక్క స్టేషన్‌లోంచి లోకల్ రైలు, ఒకే టికెట్ 1.50 యూరోలు, పదేళ్ళలోపు పిల్లలకి లేదు. కలోసియం టాక్సీవాళ్ళ బేరాలు విన్నాక ఇది ఎంతో నయం. సైట్ టికెట్ 18, పిల్లలకి ఉచితం, సోమవారం సెలవు. నీడ తక్కువ, నేలంతా పెద్ద పెద్ద నల్లరాళ్ళు, మెత్తటి బూట్లు లేకుండా వెళ్ళొద్దు. అమ్మ కోసం మడత కుర్చీ ఒకటి పట్టుకెళ్ళాం, అది మేం చేసిన మంచి పని.

ఓస్టియా టైబర్ నది ముఖం దగ్గర రోమ్‌కి రేవు. ఈజిప్టు, ఆఫ్రికాల నుంచి గోధుమ దిగి రోమ్‌కి పోయేది. రాజధానిలో గుడులూ తోరణాలూ మిగిలితే, ఇక్కడ ఊరే మిగిలింది. థియేటర్ వెనక చౌకులో షిప్పింగ్ ఆఫీసుల ముందు నేల మీద మొజాయిక్ బొమ్మలున్నాయి. ఆఫ్రికాలోని సబ్రతా ఊరివాళ్ళ ఆఫీసు ముందు ఏనుగు, మిగతా చోట్ల ఓడలు, ధాన్యం కొలతలు. చదువు రానివాడికి కూడా ఏ ఆఫీసో తెలియాలి కదా. పిండి మరల్లో మనిషి ఛాతీ ఎత్తున్న నల్లరాతి తిరగళ్ళు, గాడిదలు తిరిగి తిరిగి నడిచిన నేల. మావాడికి నచ్చింది మాత్రం పబ్లిక్ మరుగుదొడ్డి, పాలరాతి బల్లకి వరసగా రంధ్రాలు, ఇరవై మంది పక్కపక్కనే, అడ్డుగోడ లేదు, కింద నీళ్ళ కాలువ. గడప రాతిలో తిరిగే తలుపు కోసం చేసిన గుంట కూడా ఉంది. ఆ మరుగుదొడ్డి దగ్గరే వాడు అరగంట ఉన్నాడు.

అమ్మ వెతుకుతున్న ఇల్లు డయానా వీధిలో దొరికింది. కింద దుకాణాలు, ప్రతి దుకాణం లోపలా వెనకవైపు అటక, దుకాణంవాడి సంసారం పడుకునేది అందులోనే. రెండు దుకాణాల మధ్య నుంచి వీధిలోంచే నేరుగా పైకి పోయే మెట్లు, ఇరుకుగా, నిటారుగా. అమ్మ కుర్చీ వేయించుకుని ఆ మెట్ల ఎదురుగా కూర్చుంది. "ఇలాంటి గదిలోనేనా పౌలు దగ్గరికి అంతమంది వచ్చి కూర్చుంది?" అని అడిగింది. చర్చి అనే కట్టడమే ఇంకా లేని రోజులవి, ఇళ్ళల్లోనే కూడుకునేవాళ్ళు. అకుల, ప్రిస్కిల్ల అనే దంపతులు డేరాలు కుట్టుకుని బతికేవాళ్ళు, వాళ్ళ ఇంట్లో ఉన్న సంఘానికి పౌలు వందనాలు చెప్పాడు. క్లాడియస్ చక్రవర్తి యూదుల్ని వెళ్ళగొట్టినప్పుడు రోమ్ వదిలి కొరింథు పోయారు కూడా. ఇదే ఓస్టియాలో చివరన, సముద్రం వైపు, 1961లో విమానాశ్రయం రోడ్డు వేస్తుంటే బయటపడిన యూదుల సమాజమందిరం ఉంది, చాలా దూరం, అమ్మని వదిలి నేనొక్కడినే పరుగున వెళ్ళి చూసొచ్చాను.

పై గదుల్లో వంట చేస్తే కొంప అంటుకుంటుందని భయం, అందుకే బీదవాళ్ళు ఎక్కువగా బయటే తినేవాళ్ళు. అలాంటి తిండి హోటల్ ఒకటి అదే వీధిలో ఉంది, థర్మోపోలియం అంటారు. వీధివైపు పాలరాతి కౌంటర్, దాని కింద గిన్నెలు కడిగే తొట్టి, వెనక గోడకి మెట్లు మెట్లుగా అరలు, పైన తినుబండారాల బొమ్మ, రంగు ఇంకా ఉంది. వెనక చిన్న పెరడు, బెంచీ. కౌంటర్ అంచు మీద చెయ్యి వేసి చూశాను, చల్లగా, నున్నగా ఉంది. మా గుంటూరు బస్టాండ్ దగ్గర టిఫిన్ సెంటర్ కౌంటర్ ఎత్తే.

మధ్యాహ్నం సైట్ పక్కనున్న చిన్న పల్లెలో భోజనం. ఈ ట్రిప్‌లో తిన్న అన్నిటికన్నా మంచి తిండి ఇదే, 9 యూరోల పాస్తా ఎ చేచి, అంటే శనగలు, పాస్తా కలిపి చిక్కగా ఉడికించింది. రెండు రోజులుగా పిజ్జా చూస్తేనే మొహం తిప్పుకుంటున్న అమ్మ గిన్నె ఖాళీ చేసి ఇంకో అర గిన్నె అడిగింది. ఉడికిన శనగలు ఆ రోజుల్లోనూ రోమ్ వీధుల్లో చిల్లర డబ్బులకే అమ్మేవాళ్ళు. టమాటా వాళ్ళకి తెలియదు, మిరపకాయా తెలియదు, రెండూ అమెరికా నుంచి చాలా తర్వాత వచ్చినవి. మిరియాలు మాత్రం మన మలబారు తీరం నుంచి ఓడల్లో పోయేవి. మిరపకాయ లేకుండా గుంటూరు కూడా అప్పుడలాగే తినేదని చెబితే అమ్మ నమ్మలేదు.

ఆ పల్లెలోనే సెయింట్ ఆరియా చర్చి. 1945లో ఆ చర్చి పక్కన ఆడుకోవడానికి గుంట తవ్వుతున్న పిల్లలకి ఒక పాలరాతి ముక్క దొరికింది, క్రైస్తవ మత గురువు అగస్టీన్ తల్లి మోనికా సమాధి మీది రాత అది. ఆఫ్రికా నుంచి కొడుకు వెంట ఇటలీ వచ్చిన తల్లి. ఊళ్ళో ఉన్నప్పుడు ఆమె కూడా సమాధుల దగ్గరికి తిండి పట్టుకెళ్ళేదట, మిలాన్‌లో వద్దంటే మానేసింది. తిరిగి ఇంటికి పోదామని 387లో ఇక్కడ ఓడ కోసం ఆగారు. తోటవైపు కిటికీ దగ్గర తల్లీకొడుకులు నిలబడి మాట్లాడుకున్నారు, కొద్ది రోజులకే ఆమెకి జ్వరం, పోయింది. 56వ ఏట. అంతకుముందు భర్త పక్కనే తనకి సమాధి చోటు సిద్ధం చేసుకుని, అక్కడే పడుకోవాలని ఎంతో ఆశపడేది. చివరికి ఈ శరీరాన్ని ఎక్కడైనా పెట్టండి, బెంగ వద్దు, ప్రార్థనలో మాత్రం నన్ను తలుచుకోండి అంది. ఆమె పోయిన దాదాపు పదేళ్ళకి ఇక్కడికి దగ్గర్లోనే, పోర్టస్ రేవులో, ఫాబియోలా అనే సంపన్నురాలు, పమ్మాకియస్ అనే ఆయన కలిసి ఓడ దిగే పరదేశుల కోసం సత్రం కట్టించారు. ఈ ఊళ్ళో ప్రయాణికుడి కష్టం తెలిసినవాళ్ళు అప్పుడూ ఉన్నారు. అమ్మ ఆ చర్చిలో ఏమీ మాట్లాడలేదు, తిరుగు రైల్లోనూ మాట్లాడలేదు.

ఆఖరి రోజు విమానం సాయంత్రం. వాటికన్ మ్యూజియం టికెట్లు దొరకలేదు, నాకు బాధ లేదు. పియాజ్జా నవోనా దగ్గర సెయింట్ అగస్టీన్ చర్చికి వెళ్ళాం, ప్రవేశం ఉచితం. మోనికా అవశేషాల్ని 1430లో ఓస్టియా నుంచి రోమ్‌కి తెచ్చారు, ఇప్పుడవి ఇక్కడున్నాయి. నా భార్య, మావాడు కారవాజ్జో అనే చిత్రకారుడు వేసిన బొమ్మ దగ్గర నాణెం వేసి లైటు వెలిగించుకుని చూస్తున్నారు. అమ్మ సమాధికి ఎదురుగా బల్ల మీద కూర్చుంది. పక్కన నేను కూర్చున్నాను. చాలాసేపటికి నా వైపు చూడకుండానే, మెల్లగా అంది.

"ఆమె చాలా గొప్పది నాన్నా. నేనంత గొప్పదాన్ని కాదు. ఇక్కడున్న మూడు నెలల్లో నాకేదైనా అయితే ఎంత ఖర్చైనా సరే నన్ను గుంటూరు తీసుకెళ్ళు. మీ నాన్న పక్కన చోటుంది."

సరే అన్నాను.